జైపాల్ రెడ్డి ఓట్లు ఎక్కడున్నాయి?

మాజీ ప్రజాప్రతినిధి ఎవరి గురించైనా మాట వస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: సభలో ఆయన ఎటు ఓటేశాడు? ప్రశ్న సూటిగానే ఉంది, జవాబు మాత్రం మన దేశంలో అంత తేలిగ్గా చేతికి రాదు. సూదిని జైపాల్ రెడ్డినే తీసుకుందాం. 1969లో కల్వకుర్తి నుంచి శాసనసభలో అడుగుపెట్టారు, 1984 దాకా అక్కడే ఉన్నారు. ఆ ఏడాది చివర మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1990 నుంచి 1996 దాకా, మళ్లీ 1997-98లో రాజ్యసభ. ఆ తర్వాత 1998లో మహబూబ్‌నగర్, 1999లోనూ 2004లోనూ మిర్యాలగూడ, 2009లో చేవెళ్ల ఆయన్ని లోక్‌సభకు పంపాయి. మధ్యలో 1980లో మెదక్‌లో ఇందిరా గాంధీ మీద నిలబడి ఓడిపోయారు. ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్ వదిలారు, జనతాలో, జనతాదళ్‌లో రెండు దశాబ్దాలు గడిపి 1999లో మళ్లీ కాంగ్రెస్ గూటికి చేరారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. 2019 జులై 28న కన్నుమూశారు.

నలభై అయిదేళ్ల ఈ ప్రయాణానికి ఓట్ల చిట్టా రాయమంటే ఎవరికైనా చేతులు కట్టేసినట్టవుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దొరికిన జాబితాల్లో కనబడేది ఆయా కాలాల్లో ఆయన ఉన్న పార్టీయే. జైపాల్ రెడ్డి జైపాల్ రెడ్డిగా చేసిన పనులు ఓటు నమోదు కాని చోట్లే ఉన్నాయి. అలాగని జాబితాలతో పనేముందనే వాళ్లతోనూ నాకు పొత్తు కుదరదు. ఆయన జీవితంలోనే అతి పెద్ద ఓటింగ్‌కు పేర్ల జాబితా లేకపోవడం వల్ల ఎంత రాద్ధాంతం జరిగిందో తెలుగువాళ్లందరికీ తెలుసు.

ముందు సభలో ఓటు ఎలా పడుతుందో చూడాలి. చాలా బిల్లులు మూజువాణితోనే గట్టెక్కుతాయి. అనుకూలంగా ఉన్నవాళ్లు అవునంటారు, వ్యతిరేకులు కాదంటారు, స్పీకర్ చెవికి ఏ గొంతు పెద్దగా వినిపిస్తే అదే సభ నిర్ణయం. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో, ఎవరు ఆ సమయానికి సెంట్రల్ హాల్లో కాఫీ తాగుతున్నారో ఎక్కడా నమోదు కాదు. ఎవరైనా సభ్యుడు ఒప్పుకోక డివిజన్ అడిగితే కథ మారుతుంది. లాబీలు ఖాళీ చేయిస్తారు. మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది. ఈలోగా లోపలికి వచ్చినవాళ్లే ఓటర్లు, తలుపులు మూసేస్తారు. స్పీకర్ ప్రశ్నను మరోసారి సభ ముందు పెడతారు. సీటు ముందున్న మీటల్లో ఆకుపచ్చది అవును, ఎరుపు కాదు, పసుపు తటస్థం. లోక్‌సభలో ఈ యంత్రం 1957 నుంచి ఉంది. రాజ్యాంగ సవరణ బిల్లులకు ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి వాటికి డివిజన్ తప్పదు. మిగతా వాటికి ఎవరైనా పట్టుబడితేనే.

అలా పడిన ఓట్లు సభా చర్చల సంపుటాల్లో అచ్చవుతాయి. ఆ పేజీ చూసినవాళ్లు తక్కువే. పైన డివిజన్ అని, పక్కన సమయం. కింద ‘అవును’ అన్నవాళ్ల పేర్లు ఇంటిపేరో చివరి పేరో ముందు పెట్టి అక్షర క్రమంలో ఉంటాయి. రెడ్డి అనే మాట దగ్గర ఒక గుంపు కనబడుతుంది, అందులో ‘రెడ్డి, శ్రీ ఎస్. జైపాల్’ ఒకరు. నియోజకవర్గం ఉండదు, పార్టీ ఉండదు, కారణం అసలే ఉండదు. ‘దిద్దుబాట్లకు లోబడి ఫలితం ఇది’ అన్న వాక్యం తర్వాత రెండు అంకెలు. అడుగున, చీటీల ద్వారా ఓటు వేసినవాళ్లు, మీట తప్పు నొక్కి సరిదిద్దుకున్నవాళ్లు. ఈ దిద్దుబాటు చిన్న విషయమేమీ కాదు. 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టినప్పుడు యంత్రం మొదట 220, 149 అని చూపించింది. చీటీలు కలిపాక అది 269, 198 అయింది. తెర మీద మెరిసిన అంకెకూ అచ్చులో మిగిలిన అంకెకూ మధ్య దాదాపు వంద ఓట్లు!

ఓటుకు సొంత విలువ ఉన్న కాలం ఒకటుండేది. 1970 సెప్టెంబర్ 5న రాజభరణాల రద్దు బిల్లుకు రాజ్యసభలో అనుకూలంగా 149 ఓట్లు, వ్యతిరేకంగా 75 పడ్డాయి. మూడింట రెండు వంతుల లెక్కకు ఒక్క ఓటులో మూడో వంతు తక్కువైంది, బిల్లు వీగిపోయింది. ఆ రోజు ఏ ఒక్క సభ్యుడు మనసు మార్చుకున్నా, రైలు తప్పినా చరిత్ర వేరుగా ఉండేది. అదే స్వేచ్ఛకు రెండో ముఖం ఆయారాం గయారాంల బేరం. 1967 తర్వాత హర్యానా నుంచి మొదలై రాష్ట్రాల్లో సర్కార్లు పేకమేడల్లా కూలాయి.

ఆ బేరం హైదరాబాద్‌కు 1984 ఆగస్టు 16న వచ్చింది. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీ రామారావును గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దె ఎక్కించారు. రామారావు తన ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకకు తరలించారు. అక్కడున్నది రామకృష్ణ హెగ్డే నాయకత్వంలోని జనతా ప్రభుత్వం. జైపాల్ రెడ్డి అప్పటికి అదే పార్టీలో ఉన్న కల్వకుర్తి ఎమ్మెల్యే. నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి. ఆ నెల రోజుల్లో ఎమ్మెల్యే ఓటు ఎంత ఖరీదైన సరుకో, దాన్ని బస్సుల్లో ఎలా కాపలా కాయాలో దేశమంతా చూసింది. అయిదు నెలలు తిరగకుండానే 52వ రాజ్యాంగ సవరణ వచ్చింది. లోక్‌సభ 1985 జనవరి 30న, రాజ్యసభ మర్నాడు ఏకగ్రీవంగా ఆమోదించాయి. రాజ్యాంగానికి పదో షెడ్యూల్ చేరింది. పార్టీ జారీ చేసే ఆదేశాన్ని, అంటే విప్‌ను ధిక్కరించి ఓటేసినా, ఓటింగ్‌కు దూరంగా ఉన్నా సభ్యత్వానికే ఎసరు వస్తుంది. జైపాల్ రెడ్డి లోక్‌సభలోకి కొత్తగా అడుగుపెట్టిన మొదటి సమావేశాలవి. అంటే ఆయన పార్లమెంటు జీవితం మొత్తం పదో షెడ్యూల్ నీడలోనే సాగింది. ఆయన ఓట్లను చదివేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే చదువంతా వృథా.

చట్టం రాసినవాళ్లు పార్టీ మారడాన్ని ఆపాలనుకున్నారు. మారేవాళ్లు దారి కనిపెట్టారు. మూడో వంతు చీలితే ఫర్వాలేదన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది, మూడింట రెండు వంతుల విలీనం మిగిలింది. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో, అదే నెలలో నలుగురు తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు బీజేపీలో విలీనం పేరుతోనే కలిసిపోయారు. తెలంగాణలో పార్టీ మారిన పది మంది ఎమ్మెల్యేల వ్యవహారాన్ని మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు సుప్రీంకోర్టు 2025 జులై 31న చెప్పాల్సి వచ్చింది. గుంపుగా గోడ దూకేవాళ్లకు చట్టం దొడ్డిదారి చూపింది. తన పార్టీలోనే ఉంటూ ఒకానొక బిల్లు మీద ‘ఇది నాకు నచ్చలేదు’ అని ఎర్ర మీట నొక్కాలనుకున్న ఒంటరి సభ్యుడే నికరంగా దొరికిపోయేవాడు.

దీని మీద పెద్దలు మాట్లాడకపోలేదు. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ, ప్రభుత్వం నిలబడుతుందా పడుతుందా అన్న ఓటింగ్‌కే అనర్హతను పరిమితం చేయమంది. 1992లో కిహోటో హొల్లొహాన్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే, విప్‌ను విశ్వాస పరీక్షలకూ పార్టీ మౌలిక విధానాలకూ పరిమితం చేసుకోవడం మంచిదంది. 1999లో లా కమిషన్ 170వ నివేదికలో దాదాపు అదే మాట చెప్పింది. 2010లో మనీశ్ తివారీ ప్రైవేటు మెంబర్ బిల్లు తెచ్చారు. ఏదీ అమలుకు రాలేదు. వచ్చే దారీ కనబడదు. ఎందుకంటే ఆ సవరణకు ఓటేయాల్సింది విప్ కింద ఉన్న సభ్యులే, ఆ విప్ జారీ చేసేది దాన్ని వదులుకోవాల్సిన నాయకత్వమే.

1984 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లొచ్చాయి. ముప్ఫై సీట్లతో తెలుగుదేశం ప్రధాన ప్రతిపక్షం, జనతా పార్టీకి పది. అలాంటి సభలో ప్రతిపక్ష సభ్యుడి ఓటు ఫలితాన్ని వెంట్రుక వాసి కూడా కదపలేదు. చేతిలో మిగిలిన ఆయుధం నోరే. జైపాల్ రెడ్డి పేరు దేశానికి తెలిసింది ఆ నోటి వల్లనే. బోఫోర్స్ చర్చల్లో ఆయన మాటకు పత్రికల్లో చోటు దొరికింది, ఆయన వాడే ఇంగ్లీషు పదాలకు విలేకరులు నిఘంటువు తెరవాల్సొచ్చేదని ఢిల్లీ జోకు. ఓట్ల చిట్టాలో ఈ అయిదేళ్లూ ఎక్కువగా ‘కాదు’లే ఉంటాయి. వాటిలో దేన్నీ ఆయన్నుంచి వేరు చేసి చూడలేం.

రాజ్యసభ ఇంకా చిత్రం. 1991-92లో ఆయన అక్కడ ప్రతిపక్ష నాయకుడు. ఆ సభకు విశ్వాస, అవిశ్వాస తీర్మానాలు లేవు. పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద 1993 జులై 28న పెట్టిన అవిశ్వాస తీర్మానం లోక్‌సభలో 251-265 తేడాతో వీగిపోయింది. ఆ తేడాలో కొన్ని ఓట్లు డబ్బుకు పడ్డాయన్న ఆరోపణ మీద జేఎంఎం లంచాల కేసు నడిచింది. 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు విడ్డూరమైనది. లంచం తీసుకుని ఓటేసినవాళ్లకు రాజ్యాంగ రక్షణ ఉందట, లంచం తీసుకున్నాడన్న ఆరోపణ ఉండి ఓటింగ్‌కు రాని అజిత్ సింగ్‌కు మాత్రం లేదట. తీసుకున్న పనికి న్యాయం చేసినవాడు గెలిచాడన్నమాట! ఆ తీర్పును సరిచేయడానికి 2024 మార్చి 4 దాకా, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాకా ఆగాల్సొచ్చింది. ఓటింగ్ రికార్డు మనిషి నిజాయితీకి అద్దం పడుతుందని నమ్మేవాళ్లు ఆ 265 పేర్ల జాబితాను ఒకసారి చూడాలి. కొన్ని పేర్ల వెనక ఉన్న సంగతి అచ్చులో ఎక్కడా లేదు.

ఓటు ఒక్కటైనా తలరాత మారుస్తుందని అందరం గుర్తుంచుకున్న రోజు 1999 ఏప్రిల్ 17. వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో పడిపోయింది. జైపాల్ రెడ్డి అప్పుడు జనతాదళ్ పక్షాన మహబూబ్‌నగర్ సభ్యుడు. కుర్చీలో ఉన్నది అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి. రెండు వైపులా సమానమైతేనే స్పీకర్‌కు నిర్ణాయక ఓటు ఉంటుంది, ఆ అవసరం పడలేదు. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ వచ్చి ఓటేశారు. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ పార్టీ ఆదేశం కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసి బహిష్కరణకు గురయ్యారు. 270 మందిలో ఇద్దరి గురించే ఇప్పటికీ చెప్పుకుంటాం. మిగతా వాళ్ల ఓట్లు పార్టీలవి. 2008 జులై 22న అణు ఒప్పందం మీద విశ్వాస పరీక్షలోనూ అంతే. 275-256తో మన్మోహన్ ప్రభుత్వం నిలిచింది. మన దగ్గర గుర్తున్నది విప్ కాదని ప్రభుత్వానికి ఓటేసిన తెలుగుదేశం ఎంపీలు ఆదికేశవులు నాయుడు, మందా జగన్నాథం. కేంద్ర మంత్రిగా జైపాల్ రెడ్డి ఓటు ఎటు పడాలో ఎవరినీ అడగనక్కర్లేదు, దాన్ని లెక్కలోకి తీసుకోనూ అక్కర్లేదు.

2004 నుంచి 2014 దాకా ఆయన మంత్రి. ఎంపీల పనితీరుకు ఇప్పుడు పత్రికలు మార్కులేసే పద్ధతి ఈ పదేళ్లకు అసలు పనికిరాదు. మంత్రులు హాజరుపట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు వేయరు, ప్రైవేటు బిల్లులు తేరు. హాజరు, ప్రశ్నలు, చర్చలు అని గళ్లు గీసి మార్కులు కడితే ఆయన అతి చురుగ్గా ఉన్న కాలం ఖాళీగా కనబడుతుంది. వెనకబెంచీలో కూర్చుని, ఎవరో రాసిచ్చిన ప్రశ్నలు వందలు పంపిన సభ్యుడు ఆ పట్టికలో ఆయన్ని సునాయాసంగా దాటేస్తాడు. అయినా ప్రతి ఎన్నికలకూ ముందు ఈ పట్టికలు అచ్చవుతూనే ఉంటాయి.

ఆయన మంత్రిగా చేసిన రెండు పనులు చెప్తాను. ప్రసార భారతి చట్టం 1990లో వి.పి. సింగ్ హయాంలో పార్లమెంటు ఆమోదం పొందింది. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వానికీ దూరదర్శన్‌ను చేజార్చుకునే ధైర్యం లేక ఏడేళ్లు ఫైళ్లలోనే పడి ఉంది. 1997 సెప్టెంబర్‌లో జైపాల్ రెడ్డి సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు దాన్ని అమల్లోకి తెచ్చారు. అందుకు సభలో ఓటింగ్ అవసరం పడలేదు, నోటిఫికేషన్ చాలింది. ఆ సంస్థ తర్వాత ఎంత స్వతంత్రంగా బతికిందన్నది వేరే చర్చ, నా లెక్కలో పెద్దగా బతకలేదు.

రెండోది పెట్రోలియం శాఖ. 2011 జనవరిలో ఆ శాఖ చేతికొచ్చింది. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ-డి6 క్షేత్రంలో గ్యాస్ ఉత్పత్తి అనుకున్న దానికంటే బాగా పడిపోయింది. 4.2 డాలర్ల ధరను గడువుకు ముందే పెంచమన్న రిలయన్స్ కోరికకు ఆయన ఒప్పుకోలేదు. 2012 మేలో, ఉత్పత్తి తగ్గినందుకు సుమారు 100 కోట్ల డాలర్ల ఖర్చును రాబట్టుకోవడానికి వీల్లేదని శాఖ నోటీసిచ్చింది. అక్టోబర్ చివర్లో జరిగిన మార్పుల్లో ఆయన్ని సైన్స్ అండ్ టెక్నాలజీకి పంపారు. ఇందుకేనని ప్రతిపక్షాలు గగ్గోలు పెట్టాయి. మరుసటి ఏడాది జూన్‌లో కొత్త ధరల సూత్రానికి మంత్రివర్గం ఒప్పుకుంది. ఆయన రాజకీయ జీవితంలో ఎదురీత కనబడేది ఇక్కడే. దీనికి సంబంధించి లోక్‌సభ జాబితాల్లో ఒక్క మీట కూడా నొక్కబడలేదు. ఆయన పదవి మారిన కొన్ని వారాలకే, డిసెంబర్ 5న చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడుల మీద ఓటింగ్ జరిగింది. ప్రతిపక్ష తీర్మానం 218-253తో వీగింది. ఫైలు మీద ఎదురు నిలిచిన మంత్రి సభలో అందరితో పాటు ప్రభుత్వం వైపే ఉంటాడు. సమష్టి బాధ్యత అంటే అదే. తప్పు పట్టడానికేం లేదు, కాకపోతే రెంటిలో ఏది ఆయన రికార్డు?

ఇక 2014. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ జనవరి 30న విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది, అదీ మూజువాణితోనే. ఫిబ్రవరి 11న ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ బహిష్కరించింది. ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు ప్రవేశపెడుతుంటే లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లారు, సభ్యులు కళ్లు నులుముకుంటూ బయటికి పరుగెత్తారు, సీమాంధ్ర సభ్యులు పలువురు సస్పెండయ్యారు. 18న బిల్లు ఆమోదానికి వచ్చింది. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నారు. వెల్‌లో కేకలు, చుట్టూ కాపలాగా నిలబడ్డ సభ్యులు, ఆ గోలలోనే సవరణలు, ఒక్కో క్లాజు, చివరికి బిల్లు. అసదుద్దీన్ ఒవైసీ వంటి వాళ్లు సవరణల మీద పట్టుబట్టినప్పుడు సభ్యుల్ని లేచి నిలబడమని తలలు లెక్కపెట్టారు. మీటలు నొక్కే ఓటింగ్ జరగలేదు.

తలలు లెక్కపెట్టే అధికారం స్పీకర్ మీరాకుమార్‌కు ఎక్కడిదంటే, లోక్‌సభ నిబంధనావళిలో 367(3). డివిజన్‌ను అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కు తోస్తే, అవునన్నవాళ్లనూ కాదన్నవాళ్లనూ వరసగా నిలబడమని చెప్పి నిర్ణయం ప్రకటించవచ్చు. అలా చేసినప్పుడు పేర్లు నమోదు కావని ఆ నిబంధనే చెబుతుంది. ఈ నిబంధనను తాను గుర్తుచేశానని, బిల్లు ఆ దారిలోనే బయటపడిందని జైపాల్ రెడ్డి తర్వాతి ఏళ్లలో చెప్పుకున్నారు. ఒక రాష్ట్రం పుట్టుకలో ఆయన పోషించానని చెప్పిన పాత్ర అది. సీటులో కూర్చుని మీట నొక్కడం కంటే అది పెద్ద పనే. రాజమండ్రి సభ్యుడు ఉండవల్లి అరుణ్ కుమార్ అటువైపు నిలబడి, బిల్లు నిబంధనల ప్రకారం ఆమోదం పొందనే లేదని వాదించారు, ‘విభజన కథ’ అని పుస్తకం రాశారు, సుప్రీంకోర్టుకు వెళ్లారు.

నేను ఈ ఇద్దరిలో ఎవరి పక్షం? రాజకీయంగా చూస్తే ఆ రోజు లోక్‌సభలో బిల్లుకు మెజారిటీ ఉందనడంలో సందేహం పెట్టుకోనక్కర్లేదు. కాంగ్రెస్, బీజేపీ కలిశాక లెక్క ఎటూ తేలిపోయింది. మీటలు నొక్కించినా గెలిచేదే. సరిగ్గా అందుకే పేర్లు నమోదు కాకుండా దాటేయడం పొరపాటని నా అభిప్రాయం. ‘అనవసరంగా అడిగిన డివిజన్’ అనే మాట ఓ చిన్న సవరణకు సరిపోతుందేమో, ఎనిమిదిన్నర కోట్ల మంది ఉన్న రాష్ట్రాన్ని రెండు చేసే బిల్లుకు సరిపోదు. ఆ రోజు సభలో ఉన్న పరిస్థితుల్లో మీటలు నొక్కడం కుదిరేది కాదనే వాదన ఉంది. స్పీకర్ సీటు చుట్టూ మనుషులు కమ్ముకుని ఉన్నారు, సభ్యులు ఎవరి స్థానాల్లో వాళ్లు లేరు, నిజమే. చీటీల పద్ధతి ఉన్నది అలాంటి రోజుల కోసమే కదా.

పేర్లు లేకపోవడం వల్ల ఎవరికి లాభమంటే, ఒక్కరికని చెప్పలేం. బిల్లును బాహాటంగా వ్యతిరేకిస్తూనే కేంద్ర మంత్రివర్గంలో కొనసాగిన సీమాంధ్ర నాయకులున్నారు. డివిజన్ జరిగితే వాళ్లు విప్‌కు తలవంచారో ధిక్కరించారో అచ్చులో పడేది. జాబితా లేదు కాబట్టి ఆ ఇబ్బంది తప్పింది. తెలంగాణ వైపు చూస్తే, తెచ్చింది మేమే అని ఆ తర్వాత ప్రతి ఎన్నికలోనూ చెప్పుకున్న పార్టీలకూ జాబితా లేకపోవడమే కలిసొచ్చింది. 2022 ఫిబ్రవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ రాజ్యసభలో మైకులు కట్టేసి, పెప్పర్ స్ప్రే కొట్టి విభజన చేశారని అన్నప్పుడు తెలంగాణలో మళ్లీ దుమారం రేగింది. ఆ బిల్లుకు ఆయన పార్టీ మద్దతిచ్చిందని జవాబు చెప్పడానికి ప్రసంగాలు ఉన్నాయి, పత్రికల కథనాలు ఉన్నాయి. పేరుపేరునా చూపించడానికి ఒక్క పేజీ లేదు. తెచ్చానన్న జైపాల్ రెడ్డికైతే ఓటర్లు కూడా సాక్ష్యం పలకలేదు. 2014 మే నెలలో మహబూబ్‌నగర్‌లో టీఆర్ఎస్ అభ్యర్థి చేతిలో కొద్ది తేడాతో ఓడిపోయారు.

రాజ్యసభ రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 20న అదే మూజువాణితో ముగించింది. ప్రత్యేక హోదా అయిదేళ్లు ఇస్తామన్న మన్మోహన్ సింగ్ హామీ ఆ రోజుదే. ప్రకటనగా చదివారు, చట్టంలో పెట్టలేదు, దాని మీద ఓటింగ్ లేదు. ఆ హామీ చుట్టూ ఆంధ్రప్రదేశ్ రాజకీయం ఎన్ని మలుపులు తిరిగిందో చెప్పనక్కర్లేదు. చివరికి 2018 జులై 20న తెలుగుదేశం పెట్టిన అవిశ్వాసం మీద డివిజన్ జరిగి 126-325 అని తేలింది. హోదా గురించి ఎవరు ఎటు నిలబడ్డారో పేర్లతో సహా దొరికే జాబితా దాదాపు అదొక్కటే. అందులోనూ ఓటు పడింది ప్రభుత్వం ఉండాలా వద్దా అన్నదాని మీద.

మూజువాణి ఆ రోజుతో ముగియలేదు. 2020 సెప్టెంబర్ 20న మూడు వ్యవసాయ చట్టాల్లో రెంటికి రాజ్యసభ ఆమోదం తెలిపిన తీరు కూడా అదే. డివిజన్ కావాలని ప్రతిపక్షం అడిగింది. అడిగినవాళ్లు తమ సీట్లలో లేరని డిప్యూటీ చైర్మన్ హరివంశ్ ఒప్పుకోలేదు. చట్టాలు పుట్టాయి, ఏడాది పాటు ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్నారు, చట్టాలు పోయాయి. అన్ని వైపులా మిత్రపక్షాలు తాము ఎటు ఓటేశామన్నదానికి తమకు నచ్చిన కథ చెప్పుకున్నాయి. దీనికి పక్కన 2023 సెప్టెంబర్ 20న లోక్‌సభలో మహిళా రిజర్వేషన్ బిల్లును పెట్టండి. 454-2. కొత్త భవనంలో చీటీల మీదే ఓటేశారు. వ్యతిరేకించిన ఇద్దరూ మజ్లిస్ సభ్యులు, అందులో ఒకరు హైదరాబాద్ ఎంపీ ఒవైసీ. ఓబీసీలకూ ముస్లింలకూ వాటా లేదన్నది ఆయన కారణం. ఒప్పుకోవచ్చు, తిట్టుకోవచ్చు. ఆ ఓటు ఆయనదేనని ఎవరూ కాదనలేరు, ఆయన కూడా కాదనలేరు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ బిల్లుకు లోక్‌సభలో 288-232, రాజ్యసభలో 128-95 అని లెక్క తేలడంతో, ఏ పార్టీ మైనారిటీల దగ్గర ఒక మాట, ఢిల్లీలో ఒక మాట చెప్పిందో ఆంధ్రలో ఊరూరా చర్చ నడిచింది. జాబితా ఉంటే జరిగే మేలు అంతే, అంతకంటే ఎక్కువ ఆశించకూడదు.

బ్రిటన్‌లో ఎంపీ పేరు కొడితే ఆయన ఓట్లన్నీ అంశాలవారీగా కళ్లముందు పెట్టే ఏర్పాట్లున్నాయి. అమెరికాలో హాజరైన వాళ్లలో అయిదో వంతు అడిగితే పేర్లతో ఓటింగ్ జరపాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఆ జాబితాల మీద ప్రొఫెసర్లు గణితం చేసి ఎవరు ఎంత ఎడమో ఎంత కుడో కొలుస్తారు. అదే కొలబద్ద తెచ్చి జైపాల్ రెడ్డి మీద పెడితే 1989కి ముందు ఒక మనిషి, 1999 తర్వాత ఇంకో మనిషి తేలతాడు. పార్టీ మారిందే తప్ప మతం, రాష్ట్రం, రైతు గురించి ఆయన అభిప్రాయాలు పెద్దగా మారలేదని ఆయన ప్రసంగాలు చదివినవాళ్లకు తెలుసు. విప్‌కు కట్టేసిన సభలో ఓట్ల గణితం పార్టీ కార్యాలయం చిరునామా మాత్రమే చెబుతుంది.

మరి పేర్లెందుకని అడిగితే, జవాబుదారీ కోసం. పార్టీ చెప్పినట్టే ఓటేసినా, ఓటేశానని ఒప్పుకోవాలి. పదో షెడ్యూల్‌ను మార్చడానికి రాజ్యాంగ సవరణ కావాలి, అది ఇప్పట్లో జరిగేది కాదు. 367(3)కి మాత్రం రాజ్యాంగంతో పనిలేదు. అది లోక్‌సభ తనకు తాను రాసుకున్న నిబంధన. నిబంధనల కమిటీ సిఫార్సు చేసి సభ ఒప్పుకుంటే మారిపోతుంది. రాష్ట్రాల సరిహద్దులు మార్చే మూడో అధికరణ బిల్లులకు, పాత చట్టాన్ని తీసేసి కొత్త చట్టం తెచ్చే బిల్లులకు తుది దశలో పేర్లతో ఓటింగ్ తప్పనిసరి అని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. గంట మోగేది మూడున్నర నిమిషాలు. చీటీలు పంచి లెక్కపెట్టడానికి మరికొంత సేపు. హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ శాసనసభలు ఈ పని ఢిల్లీ కంటే ముందే చేయవచ్చు. విభజన బిల్లును మూజువాణితో తోసిపుచ్చిన సభకు, ఎవరు కాదన్నారో చెప్పే జాబితా లేక పడిన ఇబ్బంది ఇంకా గుర్తుండే ఉండాలి.